బ్రేకు మీద కాలు

కాలిన గేర్ ఆయిల్ వాసన ఒకసారి ఒంటికి పట్టిందంటే అంత తొందరగా వదలదు. చొక్కాకు పడుతుంది, తలకు పడుతుంది, సబ్బు పెట్టి ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో మిగిలిపోతుంది. నేను షెడ్డు నుంచి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకముందే మా ఇంటామె వాసన పట్టేసి, "ఈ పొద్దు మళ్ళా ఆ గేర్లు లేని బండేనా?" అనేది. ఔనని చెప్పడానికి కూడా ఓపిక ఉండేది కాదు నాకు. తల ఊపి పీట మీద కూలబడేవాణ్ణి.

గేర్లు లేని బండి అంటే ఆటోమేటిక్. గేర్లు ఉంటాయి, మన చేతికి పని ఉండదు, అంతే. క్లచ్ పెడల్ ఉండదు. రాడ్డును డి అనే అక్షరం దగ్గర పెట్టి కూర్చుంటే మిగతా పనంతా లోపల నూనె చేసుకుంటుంది. ఆ నూనె ఒత్తిడి మీదే ప్లేట్లు పట్టుకుంటాయి, వదులుతాయి. నూనె చెడిందంటే ఎంత ఖరీదైన బండైనా కదలకుండా కూర్చుంటుంది. ఈ నాలుగు ముక్కలు నేను చెప్పినన్నిసార్లు మా నాయన తన బళ్ళో ఎక్కాలు కూడా చెప్పించి ఉండడు.

మా నాయన జమ్మలమడుగులో మిషను బడి అయ్యవారు. నన్ను కూడా అయ్యవారిని చేయాలని ఆయన ఆశ. నాకు పుస్తకం పడితే నిద్ర, పానా పడితే మెలకువ. బెంగళూరు పారిపోయి, అన్నీ ఫారిన్ బండ్లే వచ్చే ఒక షెడ్డులో చేరి, ఈ ఆటోమేటిక్ విద్య నేర్చుకున్నాను. మా నాయనకు కాలూ చెయ్యీ పడిపోయినప్పుడు తిరిగొచ్చి, ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకున్నాను. ఆయన పోయాడు, షెడ్డు మిగిలింది.

అవి పార్టీల కాలం. ఇప్పటి పిల్లలకు పార్టీ అంటే జెండా. అప్పట్లో మా పల్లెల్లో పార్టీ అంటే ఒక ఇల్లు, ఆ ఇంటి వెనక ఉండే మనుషులు. జెండా తర్వాత వచ్చి ఆ ఇంటి మీద ఎక్కి కూర్చునేది. ఒక ఎన్నికల్లో ఒక రంగు, ఇంకో ఎన్నికల్లో ఇంకో రంగు. ఇంటికీ ఇంటికీ మధ్య పగ మాత్రం రంగు మారేది కాదు. మాకు ఏ పార్టీ లేదు. ఆదివారం చర్చి, మిగతా రోజులు పని. భూముల్లేవు కాబట్టి గట్టు తగాదాల్లేవు. మా వాళ్ళ వల్ల ఎవరికీ లాభం లేదు, నష్టమూ లేదు. అందుకే రెండు పార్టీల బండ్లూ నా దగ్గరికి వచ్చేవి.

నా షెడ్డుకు ఒక కట్టుబాటు ఉండేది. ఒక పార్టీ బండి లోపల ఉంటే రెండో పార్టీ బండి రాదు. ఎవరూ కూర్చుని పెట్టింది కాదు, దానంతట అదే ఏర్పడింది. అవతలి వాళ్ళు వీధి చివర నిలబడి చూసి, టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. నా పని ఎంత నిదానమైతే వాళ్ళకు అంత ఆలస్యం. పని నిదానమని లోపలున్న వాళ్ళు తిట్టేవాళ్ళు, లోపలికి రాలేక బయటి వాళ్ళు తిట్టేవాళ్ళు. అందరి తిట్లూ నావే.

ఆ ఎండాకాలం ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఒక పొద్దున పులివెందుల తట్టు పల్లెకు చెందిన ఒక పార్టీ పెద్దాయన బండి నా షెడ్డుకు వచ్చింది. తెల్లటి పెద్ద ఫారిన్ జీపు. దానికి గొలుసు కట్టి ముందు ట్రాక్టరు లాక్కొస్తోంది. చూసి తల కొట్టుకున్నాను. ఆటోమేటిక్ బండిని చక్రాలు నేల మీద పెట్టి లాగకూడదు, లోపల నూనె తిరగక మిగిలింది కూడా అరిగిపోతుంది. చచ్చిన దాన్ని మళ్ళీ చంపి తెచ్చారని అరవాలనిపించింది. ట్రాక్టరు మీద నుంచి దిగిన ఇద్దరు మనుషుల్ని చూసి అరవలేదు.

ఇద్దరి భుజాల మీదా తువ్వాళ్ళు. వయసులో పెద్దతని చేతిలో ఒక గోనె సంచి. దాన్ని పసిబిడ్డను దింపినట్టు మెల్లగా నా బల్ల మీద పెట్టాడు. లోపల ఏముందో అడిగేంత అమాయకుణ్ణి కాదు. "అన్నా, ఈడ వెల్డింగు చేస్తాం, నిప్పురవ్వలు పడతాయి. సంచి ఆ మూల పెట్టుకోండి" అన్నాను. అతను సంచి వైపు, వెల్డింగు మిషను వైపు చూసి, తీసుకెళ్ళి మూల పెట్టుకున్నాడు. ఆ రోజు నా మాట ఎవరైనా విన్నారంటే అది ఒక్కటే.

జీపులో స్టీరింగు దగ్గర కూర్చున్న డ్రైవరు ఇంకా దిగలేదు. ముప్పై దాటిన మనిషి. ఇంతకుముందు ఎర్రగుంట్ల నాపరాళ్ళ లారీ తోలేవాడు. ఆయిలు మార్చడానికి నా దగ్గరికి వచ్చేది ఎప్పుడూ అతనే. వచ్చినప్పుడల్లా "మామా, బాగుండావా" అని నోరారా పలకరించేవాడు. ఆ రోజు తల కూడా ఎత్తలేదు.

జరిగింది తువ్వాళ్ళ ఇద్దరిలో పెద్దతను చెప్పాడు. ముందు రోజు జమ్మలమడుగు కోర్టులో పెద్దాయనకు వాయిదా ఉంది. పోతూ పోతూ ముద్దనూరు దాటినాక బండి ఆగిపోయింది. ఇంజను అరుస్తోంది, చక్రం తిరగడం లేదు. చుట్టూ ఒక చెట్టు నీడ కూడా లేదు. వెనక రావలసిన బండి వచ్చి ఎక్కించుకునేదాకా పెద్దాయన నడిరోడ్డు మీద ఎండలో నిలబడ్డాడు. ఏమీ జరగలేదు, ఎవరూ రాలేదు. కానీ అవతలి పార్టీ వాళ్ళకు కూడా అదే రోజు అదే కోర్టులో వాయిదా ఉందట.

"అంత కరెక్టుగా ఆ పొద్దే బండి యాల నిలబడాల? వీడు అమ్ముడుపొయ్యినాడని మా అనుమానం" అన్నాడు పెద్దతను, డ్రైవరు వింటుండగానే. "నూనెలో ఏమన్న కలిపినాడా, యాడన్న వదులు చేసినాడా, అది నువ్వు తేల్చల్ల. తేల్చినంక మేం చూసుకుంటాం."

బండికి ఏమైందని అడిగితే చెప్పగలను. ఒక మనిషిని ఉంచాలా తీసేయాలా అన్నది నా నోట్లోంచి రావాలని అంతవరకూ ఎవరూ అడగలేదు. చేతులు తుడుచుకునే వంకతో కాసేపు వెనక్కి తిరిగి నిలబడ్డాను.

బండిని లిఫ్టు మీద పైకి లేపి, కింద నూనె నిలిచే రేకు తొట్టి విప్పాను. దాన్ని మేము చాంబరు అంటాం. మంచి ఆయిలు ఎర్రగా, తేటగా ఉంటుంది. ఇది కాఫీ డికాషన్లా నల్లగా కారింది. వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. చాంబరు అడుగున ఉండే అయస్కాంతం నిండా ఇనుప పొడి బురదలా పట్టుకుని ఉంది. నూనెను వేళ్ళ మధ్య రుద్ది చూశాను, గాజు మీద పోసి చూశాను. నీళ్ళు లేవు, ఇసుక లేదు, చక్కెర లేదు. బోల్టులు బిగించాక నేను తెల్ల పెయింటుతో గీత గీసి పెడతాను, నా అలవాటు. నేను గీసిన గీత చెక్కు చెదరలేదు. నా తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ మాటే పెద్దతనికి చెప్పాను. "అయితే ఊరికే కాలిపోతాదా?" అన్నాడు.

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. నాకూ అదే పట్టుకుంది. ఆయిలు టయిముకు మార్చాను. బండి తిరిగింది తక్కువ, బరువులు లాగింది లేదు. గేర్‌బాక్సు దింపితే తప్ప తెలియదు. ఆ బరువు నేనొక్కణ్ణే దించలేను. తువ్వాళ్ళ వాళ్ళు కుర్చీల్లోంచి లేవరు. డ్రైవరే వచ్చి భుజం పెట్టాడు. తన మీద నేరం మోపడానికి ఏం దొరుకుతుందో చూద్దామని విప్పుతున్న పెట్టెను తానే మోసి దించాడు.

లోపల నేను అనుకున్నదానికన్నా ఘోరంగా ఉంది. క్లచ్ ప్లేట్ల మీద పట్టు కోసం అట్టలాంటి పొర ఒకటి ఉంటుంది. అది ఎక్కడా లేదు. కింద ఇనుము వేడికి నీలం తిరిగిపోయింది. రబ్బరు సీళ్ళు వంచితే పుటుక్కున విరిగాయి. ఒక్కరోజులో అయిన పని కాదిది. రోజూ కొంచెం కొంచెం, చాలాకాలంగా ఉడికింది. ఎందుకు ఉడికిందో మాత్రం తెలియలేదు. నడుము పట్టేసి, జీపును కిందికి దించి డ్రైవరు సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచినప్పుడు పెడల్స్ కనబడ్డాయి. యాక్సిలరేటరు రబ్బరు మీద గీతలు కొత్తవాటిలా ఉన్నాయి. బ్రేకు పెడల్ రబ్బరు మాత్రం నున్నగా అరిగిపోయి, ఒక మూల ఇనుము బయటపడింది. దాని కింద మ్యాటు మీద మడమ ఆనే చోట చిల్లి. అంతగా బ్రేకు తొక్కే బండి బ్రేకు ప్యాడ్లు ఈపాటికి పోయి ఉండాలి. దిగి చక్రాలు చూస్తే ప్యాడ్లు మందంగా, బాగున్నాయి. అంటే కాలు బ్రేకు మీద ఉంది, బండి మాత్రం నడవడం లేదు. తిరిగి లోపలికి వంగినప్పుడు, పక్కన ఎడమ సీటు ముందు మ్యాటు కూడా ఒకచోట అరిగి ఉండడం చూశాను. పాతదిలే అనుకున్నాను.

మధ్యాహ్నం తువ్వాళ్ళ ఇద్దరిలో ఒకడు హోటలుకు పోయాడు. పెద్దతను కుర్చీలోనే నోరు తెరుచుకుని నిద్రపోయాడు. నేను డ్రైవర్ని పక్కకు పిలిచి, ప్లేట్లు కడిగే పని చేతిలో పెట్టి, మెల్లగా అడిగాను.

"నీ దినం ఎట్ల గడుస్తాదో చెప్పు."

"ఏముంది మామా. బండి తీస్తా, సామి కుచ్చుంటాడు. యాడికి పొయ్యినా ఆయన దిగకముందే బండి తిప్పి, మొగం రోడ్డు తట్టు పెట్టల్ల."

"తిప్పేటప్పుడు నిలబెట్టి డి లో ఏస్తావా?"

"నిలబెట్టేదానికి టయిమేది? ఎనక్కి పోతాంటానే ఏస్తా."

"తర్వాత?"

"తర్వాత ఆయనొచ్చేదాకా డి లోనే ఉంటాది. కాలు బ్రేకు మీద. ఏసీ తిరగతానే ఉండల్ల."

"ఎంతసేపు?"

"పెండ్లైతే పెండ్లి అయ్యేదాకా. కోర్టయితే పిలిచేదాకా. పంచాయితీ అయితే సెప్పలేం, పొద్దుగూకులూ. ఇప్పుడు ఊరేగింపులు గూడా. జనం బానెట్టు మీద కుచ్చుంటారు, నేను బ్రేకు మీద కాలుంచి మెల్లగ జరుపుతాంటా."

"ఇంజను ఆపవా?"

"ఆపితే సంపుతాడు మామా" అన్నాడు. ఆ మాట అన్నాక అది తనకే వేరేగా వినపడినట్టుంది. ప్లేటు కడుగుతున్న చెయ్యి ఆగింది.

అప్పుడు నాకు అంతా అర్థమైంది. డి లో పెట్టి బ్రేకు తొక్కి పట్టుకుంటే బండి కదలదు, ఇంజను మాత్రం ఊరుకోదు. అది తిప్పాలంటుంది, చక్రం తిరగనంటుంది. మధ్యలో నూనె చిలుకుడు పడుతుంది, చిలికేకొద్దీ కాగుతుంది. నిలబడిన బండికి గాలి తగలదు. పైన మా కడప ఎండ. తలుపుల్లో తూటాలకు అడ్డంగా లోకల్‌గా వెల్డింగు చేయించిన ఇనుప రేకులు, వాటి బరువు. ఆ బండి చేసిన దేశంలో ఎవరూ ఇట్లా వాడతారని ఊహించి ఉండరు.

పెద్దాయన ఎందుకిట్లా చేయిస్తాడో మా తట్టు అందరికీ తెలిసిందే. ఆయన తమ్ముడు కమలాపురంలో ఒక పెండ్లికి పోయి, తిరిగి బయల్దేరేటప్పుడు జీపు స్టార్టు కాక చనిపోయాడు. సెల్ఫు తిరిగిందట, ఇంజను అందుకోలేదట. అవతలి పార్టీ వాళ్ళు వచ్చేశారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ బండి ఇంజనూ బయట ఆగింది లేదు.

"సరే, అయితే నీ మీద తప్పు లేదు. సామి చెప్పినట్టే చేసినావు. అదే చెప్తా" అన్నాను డ్రైవరుతో. అతను సంతోషిస్తాడనుకున్నాను.

"వద్దు మామా" అన్నాడు. నిద్రపోతున్న మనిషి వైపు ఒకసారి చూశాడు. "నాకు ఈ బండి చేత కాదని చెప్పు. అంతే చెప్పు."

"చేతగాక కాదు గదా."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. తప్పు లేదని చెప్పినావంటే మళ్ళా అదే సీట్లో కుచ్చోబెడతారు. మానుకుంటా అంటే ఒప్పుకోరు. సామి ఏ ఇంటికాడ దిగుతాడు, ఏ దోవన పోతాడు, అంతా నాకు తెలుసు. నాకు ముందుండేవాడు మానుకుంటా అన్న్యాడు. అవతలోళ్ళ దగ్గర దుడ్లు తీసుకున్న్యాడనుకున్న్యారు. ఇప్పుడు వానికి మోకాలు కింద కాలు లేదు." గొంతు ఇంకా తగ్గించాడు. "పనికి రాడని ఆయనంతట ఆయనే ఎళ్ళగొడితే, అప్పుడు నేను ఇంటికి పోవచ్చు. చీనీచెట్లు పెట్టినా మామా. నీళ్ళు కట్టేదానికి ఇంటామె ఒకతే పోతాండాది."

నాకు ఒళ్ళు మండింది. అతని మీద కాదు, అందరి మీదా. నా పని గేర్‌బాక్సు విప్పడం, బిగించడం. దాంట్లో ఈ సంచులూ, ఈ చీనీచెట్లూ ఎందుకు పడాలి? డ్రైవరు తప్పు లేదంటే మళ్ళీ ఆ సీటు, ఏదో ఒక రోజు ఆ సీట్లోనే అతని చావు. డ్రైవరు తప్పంటే, కావాలని కాల్చాడనుకుంటే, ఆ సాయంత్రమే అతని చావు. రెండింటి మధ్యన సన్నగా ఒక మాట చెప్పాలి. పైగా బ్రేకు మీద నుంచి కాలు తీయొద్దని ఆజ్ఞ ఇచ్చిన మనిషి ముందే నిలబడి చెప్పాలి. ఆయన ఆ మాటను వెటకారం అనుకుంటే నా షెడ్డూ ఉండదు, నేనూ ఉండను. "చూద్దాం పో" అని కసిరాను.

సామాను బెంగళూరు నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చేదాకా కడుగుతూ కూర్చున్నాను. ఆటోమేటిక్‌లో వాల్వు బాడీ అని ఒక దిమ్మ ఉంటుంది, నూనె ఏ దారిన పోవాలో అదే నడిపిస్తుంది. సన్నని కాలువలు, వాటిలో చిన్న చిన్న ఉక్కు గుండ్లు. ఒక్క నూలుపోగు అడ్డం పడినా గేరు పడదు. అందుకని దాన్ని తుడవడానికి పాత నైలాన్ చీరలు ముక్కలు చేసి పెట్టుకునేవాణ్ణి. మా ఇంటామె చీరల్లో మంచి రంగులన్నీ చివరికి నా గేర్‌బాక్సుల్లోకే పోయాయి. బల్ల మీద పేపర్లు పరిచి, విప్పిన వరసలోనే ఒక్కొక్కటీ పేర్చాను. పేపర్ల నిండా ఎన్నికల బొమ్మలు, దండం పెడుతున్న మొహాల మీద నా గుండ్లు, స్ప్రింగులు. మళ్ళీ కాలిపోయేదాన్ని ఇంత శుభ్రంగా ఎందుకు కడుగుతున్నానో నాకే తెలియలేదు. అయినా కడిగాను. మురికి చేత్తో బిగించడం నాకు రాదు.

సామాను వచ్చిన రోజే పెద్దాయన కూడా వేరే బండిలో వచ్చాడు. నేను ఎన్నోసార్లు ఆయన బండి చూశాను కానీ ఆయన్ను దగ్గరగా చూసింది అదే మొదటిసారి. బక్కపలచని మనిషి. తెల్ల చొక్కా, కళ్ళకింద నలుపు. మా నాయనకు ఆఖరి రోజుల్లో ఉన్నట్టు మాట్లాడే ముందు ఒకసారి ఊపిరి పీల్చుకునే అలవాటు. స్టూలు మీద కూర్చున్నాడు. తువ్వాళ్ళ ఇద్దరూ చెరోపక్క నిలబడ్డారు. డ్రైవరు నా బల్ల వెనక నిలబడ్డాడు.

కాలిన ప్లేటు ఒకటి ఆయన చేతికిచ్చాను. వేళ్ళకు మసి అంటింది.

"ఎవరు కాల్చినారప్పా?" అని అడిగాడు.

"కావాలని ఎవరూ ఏమీ చెయ్యలేదన్నా. నూనెలో ఏమీ కలపలేదు. బోల్టు మీద నా గీత అట్లే ఉంది, చూడండి" అన్నాను.

"మరి?" అన్నాడు పెద్దతను.

జీపు తలుపు తెరిచి బ్రేకు పెడల్ చూపించాను. "ఈ కాలు అన్నా. లారీ తోలిన కాలు. బ్రేకు మీద పెడితే తియ్యదు. ఆ బండ్లకు నడుస్తాది, దీనికి నడవదు. మంచోడే, కానీ ఈ బండి వీనికి చేత కాదు. వీడుంటే మళ్ళా ఎన్ని ప్లేట్లు ఏసినా ఇట్లే కాలిపోతాయి. ఇంకొకన్ని చూసుకోండి."

అందులో అబద్ధం వెతికితే దొరకదు. కాలు అతనిదే, పెడల్ అరిగింది నిజమే. ఆ కాలును అక్కడ ఎవరు పెట్టించారన్నది ఒక్కటే చెప్పలేదు. అది తెలిసిన మనిషి నా ఎదురుగా కూర్చుని పెడల్ వైపు చూస్తున్నాడు. ఎంతసేపు చూశాడో గానీ, నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. తువ్వాళ్ళ వాళ్ళిద్దరూ ఆయన మొహం వైపే చూస్తున్నారు. భయం వేసింది. అంత భయం మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

పెద్దాయన ఊపిరి పీల్చుకుని డ్రైవరు వైపు తిరిగాడు. "నిజమేనా?"

"నిజమే సామీ. నాకు అలవాటు కాల్యా."

పెద్దాయన వేళ్ళ మసిని పక్కనున్నవాడి తువ్వాలుకు తుడుచుకున్నాడు. "ఇన్నాళ్ళూ దండగమారి నాకొడుకును కుచ్చోబెట్టుకున్న్యా" అన్నాడు. "పో. ఇంటికి పొయ్యి సేద్యం చూసుకో. మళ్ళా నా వాకిలి తొక్కొద్దు."

తువ్వాళ్ళ ఇద్దరూ నవ్వారు. చిన్నవాడు డ్రైవరు తలమీద ఒకటి కొట్టి, "ట్రాక్టరు గూడా తోలొద్దురా, పాపం ఎద్దులతో దున్నుకో" అన్నాడు. డ్రైవరు సిగ్గుపడినట్టు తల వంచుకుని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచాడు. బస్టాండు వైపు పోతున్నవాణ్ణి చూస్తుంటే కాళ్ళకు చెప్పుల్లేవని గమనించాను. లిఫ్టు కింద వదిలేసి పోయాడు. రోడ్డు నిప్పులా ఉంది, అయినా వెనక్కి రాలేదు. ఆ చెప్పులు నా షెడ్డులో చాలాకాలం ఉన్నాయి. చీనీ కాపు వచ్చినప్పుడల్లా పులివెందుల బస్సులో నా షెడ్డు పేరు మీద ఒక బత్తాయిల సంచి ఇప్పటికీ వస్తుంది. పంపినవాళ్ళ పేరు ఉండదు.

గేర్‌బాక్సు బిగించి ఎక్కించాక ట్రయలుకు తీశాను. పెద్దాయన తానూ వస్తానన్నాడు. మనుషుల్ని వెనక బండిలో రమ్మని, తాను నా పక్కన ఎడమ సీట్లో కూర్చున్నాడు. ఎర్రగుంట్ల రోడ్డున పోయాం. ఒకటో గేరు నుంచి రెండు, రెండు నుంచి మూడు, ఎక్కడా కుదుపు లేకుండా పడ్డాయి. మామూలుగా అయితే ఆ క్షణానికి నాకు లోపల ఎక్కడో గర్వంగా ఉంటుంది. ఆ రోజు ఏమీ లేదు. ఇంటికి పోయి పడుకుంటే చాలనిపించింది.

ఎర్రగుంట్ల దగ్గర రైలు గేటు వేసి ఉంది. ముందు ఒక లారీ, దాని వెనక మేము. చేతి అలవాటు, రాడ్డును పార్కింగు పి లోకి తోసి ఇంజను ఆపేశాను. ఆపాక గుర్తొచ్చింది.

"యాల ఆపినావు?" అన్నాడు. అరవలేదు.

"కొత్త ప్లేట్లన్నా. కొంచెం చల్లబడల్ల."

ఇంజను ఆగిన బండిలో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆయనకు గుర్తున్నట్టు లేదు. గేటు దగ్గర శనక్కాయలమ్మే ఆమె కేక, లారీ మీద ఎవరో దగ్గడం, అన్నీ లోపలికి వినపడుతున్నాయి. ఆయన అటూ ఇటూ చూశాడు. నేను కిందికి చూశాను. ఆయన కుడికాలు మ్యాటు మీద గట్టిగా నొక్కి ఉంది. సరిగ్గా ఆ అరిగిన చోటే. అక్కడ పెడల్ లేదు, ఏమీ లేదు. ఇన్నాళ్ళూ ఆయన కూడా తన సీట్లోనుంచే బ్రేకు తొక్కి పట్టుకుని కూర్చున్నాడు.

బొగ్గు గూడ్సు వచ్చింది. ఆ చప్పుడులో ఆయన నా వైపు తిరక్కుండానే మాట్లాడాడు.

"వాని కాలు కాదు గదప్పా అది. తియ్యొద్దని నేనే చెప్పినా."

"ఔనన్నా" అన్నాను.

"నాకు తెలుస్తాదని నీకు తెలుసు."

"తెలుసన్నా."

"వాన్ని బాగ పంపిచ్చినావు." వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. ఆయన వాటినే చూస్తున్నాడు. "నా గురించి గూడా ఏదో ఒకటి చెప్పరాదా? వీడు పనికి రాడు, ఇంటికి పంపియ్యండి అని."

తోచిందే అడిగేశాను. "ఎవరితో చెప్పల్లన్నా?"

ఆయన జవాబు వెతుకుతున్నట్టే ఉన్నాడు. ఆఖరి పెట్టె పోయేదాకా వెతికాడు.

"అదే గదా" అన్నాడు.

గేటు లేచింది. "స్టార్టు చెయ్యి. డి లో ఏసి పెట్టు" అన్నాడు. స్టార్టు చేసి డి లో వేశాను. ముందు లారీ ఇంకా కదలలేదు. నా కాలు బ్రేకు మీద, ఆయన కాలు మ్యాటు మీద నొక్కి పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం.